అరవైలో సరళీ స్వరాలు

సంగీత సందేహాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విజయదశమికి పిల్లలను పాఠంలో చేర్పించడానికి వెళ్లి తామూ చేరిపోయిన పెద్దవాళ్లు ఈ ఏడు ఎక్కువగా ఉన్నట్టున్నారు. ఈ నెల అందిన ఉత్తరాలలో అధిక భాగం యాభై దాటిన వారివే కనుక, పిల్లల తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. ప్రభుత్వ పాఠశాలలో 33 ఏళ్లు లెక్కలు చెప్పి నిరుడు రిటైరయ్యాను. చిన్నప్పుడు మా వీధిలో జరిగే సంగీతం పాఠాన్ని కిటికీ బయట నిలబడి వినేదాన్ని. నేర్పించమని అడిగే స్తోమత మా ఇంట్లో లేదు. ఇప్పుడు నా 62వ ఏట, కాలనీలో పాఠం చెప్పే గురువుగారి దగ్గర చేరాను. నాతో పాటు ఎనిమిది మంది పిల్లలున్నారు, వాళ్లలో పెద్దదానికి పదకొండేళ్లు. నాలుగు నెలలు గడిచేసరికి పిల్లలు జంట స్వరాలు ముగించారు. నాకేమో మొట్టమొదటి పాఠమైన సరళీ స్వరాలలోనే పై షడ్జమం (పై 'స') దగ్గరికి వచ్చేసరికి గొంతు చీలిపోతోంది. ఇంట్లో సాధన చేస్తుంటే మనవడు చెవులు మూసుకుంటున్నాడు. నిజం చెప్పాలంటే నా పాట నాకే వినబుద్ధి కావడం లేదు. ఈ వయసులో ఇలాంటి కోరిక పెట్టుకోకూడదా? మొహమాటం లేకుండా చెప్పండి.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మొహమాటం లేకుండా చెప్పమన్నారు కనుక, వయసు సంగతి పక్కన పెట్టి ముందు నేనే ఒక ప్రశ్న వేస్తాను. మీరు ఏ శ్రుతిలో, అంటే ఏ ఎత్తును ఆధార షడ్జమంగా పెట్టుకుని పాడుతున్నారు? ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. కానీ ఎనిమిది మంది పిల్లల మధ్య కూర్చున్నారంటే, శ్రుతిపెట్టె వాళ్ల గొంతుకు అనువైన చోట, అంటే హార్మోనియం మెట్ల లెక్కన ఐదున్నరలోనో ఆరులోనో ఉంటుందని ఊహించగలను. పదేళ్ల పిల్లకు ఆట వంటి ఆ ఎత్తు అరవై దాటిన స్త్రీకి నిచ్చెన చివరి మెట్టు అవుతుంది. ముట్లుడిగిన తరువాత శరీరంలో వచ్చే మార్పుల వల్ల చాలామంది స్త్రీలకు గొంతు కొంత కిందికి దిగుతుంది, తార స్థాయి (పై స్వరాలు) అందడం కష్టమవుతుంది. ఇది లోపం కాదు, చత్వారం వంటిదే. చత్వారం వచ్చిందని చదవడం మానేయం కదా, కళ్లజోడు పెట్టుకుంటాం. ఇక్కడ కళ్లజోడు చేసే పనిని శ్రుతి తగ్గించుకోవడం చేస్తుంది.

మీ శ్రుతిని మీరే కనిపెట్టవచ్చు. ఉదయం గొంతు కాస్త తేటపడిన తరువాత శ్రుతిపెట్టెను నాలుగులో పెట్టుకుని మధ్య షడ్జమాన్ని అకారంగా, ఊపిరి సరిపోయినంత సేపు పట్టండి. అక్కడినుంచి మెల్లగా మంద్ర పంచమం (కింది 'ప') వరకు దిగండి. అక్కడ స్వరం గాలిలా పోకుండా వినిపించాలి. తరువాత తార గాంధారం (పై 'గ') వరకు ఎక్కండి. అక్కడ దవడ బిగియకూడదు, మెడ నరాలు తేలకూడదు. కింద గాలి పోతే నాలుగున్నరకు మార్చండి, పైన బిగుసుకుంటే మూడుకు దించండి. నాలుగు తరువాత మూడున్నర కదా అని వెతక్కండి, మన లెక్కలో మూడున్నర శ్రుతి లేదు. లెక్కల టీచరు గారికి ఇది అన్యాయంగా తోచవచ్చు గానీ, హార్మోనియం మీద మూడుకూ నాలుగుకూ మధ్య నల్లమెట్టు లేకపోవడమే అందుకు కారణం.

శ్రుతి మారితే పిల్లలతో కలిసి పాడలేరు. అందుచేత గురువుగారిని వారానికి రెండుసార్లు పావుగంట చొప్పున విడిగా పాఠం చెప్పమని అడగండి. ఎనిమిది మందితో గంటన్నర కూర్చోవడం కంటే ఆ అరగంట మీకు ఎక్కువ ఉపకరిస్తుంది. ఇలా అడగడానికి పెద్దవాళ్లు సిగ్గుపడతారని నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లుగా పాఠం చెబుతున్న మనిషిగా చెబుతున్నాను, అడిగిన పెద్దలను చూసి నేను ఎన్నడూ విసుక్కోలేదు. అడగకుండా మూడు నెలలు గొంతు చించుకుని ఒకరోజు చెప్పకుండా మానేసిన వాళ్లను తలచుకుంటే మాత్రం ఇప్పటికీ బాధ కలుగుతుంది. వాళ్లలో ఒకరి విషయంలో తప్పు పూర్తిగా నాది. ఆవిడను కూడా నేను పిల్లల శ్రుతిలోనే కూర్చోబెట్టాను.

ఇక "నా పాట నాకే వినబుద్ధి కావడం లేదు" అన్న వాక్యానికి వస్తాను. మీ ఉత్తరం మొత్తంలో అసలైన మాట ఇదే. దీని అర్థం నాకు నా 57వ ఏట గాని తెలియలేదు. జీవితమంతా గాత్రం పాడి, నేర్పిన నేను ఆ ఏడు వయొలిన్ నేర్చుకోవడానికి కూర్చున్నాను. వయొలిన్‌కు వీణలా మెట్లుండవు, వేలు గింజంత జరిగినా స్వరం తప్పుతుంది. కమాను మొదట్లో తలుపు కీలులా కిర్రుమంటుంది. నా పక్కనే నేర్చుకుంటున్న ఏడేళ్ల అబ్బాయిదీ అదే కిర్రు, కానీ వాడికి అది వయొలిన్ మోతలాగే వినిపించేది గనుక సంతోషంగా వాయించేవాడు. యాభై ఏళ్లుగా మంచి సంగీతం విన్న నా చెవికి ప్రతి తప్పూ సూదిలా గుచ్చుకునేది. పెద్దవయసులో నేర్చుకునే వారి చెవి చేతికంటే, గొంతుకంటే ఎన్నో ఏళ్లు ముందుంటుంది. పిల్లలకు ఆ రెండూ కలిసి పెరుగుతాయి. పెద్దవాళ్లు చాలామంది "నాకు రావడం లేదు" అని మానేస్తారు గానీ, నిజానికి వాళ్లకు రానిది ఎంతో స్పష్టంగా వినిపిస్తూ ఉండడమే వాళ్ల కష్టం. మీరు కిటికీ బయట నిలబడి విన్న పాఠం వృథా పోలేదు. అది మీ చెవిలో ఉంది, అదే ఇప్పుడు మిమ్మల్ని తప్పుపడుతోంది. తప్పును వినగలిగిన చెవి ఉంటే దిద్దుకోవడానికి గురువు పక్కన లేని వేళ కూడా సాధన సాగుతుంది. ఆ సౌకర్యం పదకొండేళ్ల పిల్లకు లేదు.

అయితే ఆ చెవిని కొంతకాలం ఓర్పుగా ఉండమని నచ్చజెప్పాలి. అందుకు నేను పాటించిన ఉపాయం ఒకటుంది. వారంలో ఆరు రోజులు దేన్నీ రికార్డు చేసుకోకుండా సాధన చేయండి. ఏడో రోజు ఒకే ఒక్క సరళీ వరుసను ఫోనులో రికార్డు చేసి, తేదీతో దాచండి, వెంటనే వినకండి. రెండు నెలల తరువాత మొదటిదీ చివరిదీ పక్కపక్కన వినండి. రోజూ అద్దంలో చూసుకునే వారికి జుట్టు పెరగడం తెలియనట్టు, రోజూ వినే గొంతులో మార్పు తెలియదు.

సాధన సమయం విషయంలో పెద్దవాళ్లు మరొక పొరపాటు చేస్తారు. ఆదివారం తీరిక దొరికిందని రెండు గంటలు పాడి, సోమవారం బొంగురుపోయి, బుధవారం దాకా మాట్లాడలేక ఇబ్బంది పడతారు. ఉదయం ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు చాలు. కొత్తగా నేర్చుకున్నది నిద్రలో కుదురుకుంటుంది కనుక ఏడు రోజులకు పంచిన సాధన ఒకరోజు కుప్పపోసిన సాధన కంటే మేలు. ముందు అయిదు నిమిషాలు కేవలం షడ్జమం పట్టండి. మొదటి మూడు నెలలు రెండో కాలం (రెట్టింపు వేగం) జోలికి పోకండి. గొంతు బొంగురు మూడు వారాలు దాటి తగ్గకపోతే సాధన ఆపి చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించండి. థైరాయిడ్, ఎసిడిటీ వంటివి కూడా గొంతును పాడు చేస్తాయి, ఆ సంగతి తెలియక పాపం సంగీతాన్ని నిందిస్తాం.

మీరు లెక్కల మనిషి గనుక మరొక్క మాట. మొదటి పాఠాలు మాయామాళవగౌళ రాగంలోనే ఎందుకని మీకు ఇంకా ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే పిల్లలు అడగరు. పై షడ్జమం వరకు ఉన్న పన్నెండు మెట్లలో ఈ రాగ స్వరాల మధ్య దూరాలు లెక్కవేసి చూడండి: ఒకటి, మూడు, ఒకటి, మధ్యలో రెండు, మళ్లీ ఒకటి, మూడు, ఒకటి. ఎటునుంచి చదివినా ఒకటే. కింది సగం కుదిరితే పై సగం అచ్చు దానిలాగే కుదురుతుంది. పురందరదాసు ఏర్పరచినదిగా సంప్రదాయం చెప్పుకునే ఈ వరుసలో ఇంత కొలత ఉంది. రేపు అలంకారాలకు వచ్చినప్పుడు ధ్రువ నుంచి ఏక వరకు ఏడు తాళాల అక్షరాలు (లెక్కింపులు) 14, 10, 6, 10, 7, 14, 4 అని కాగితం మీద వేసుకుంటే, పిల్లలు నెల రోజులు తడబడే చోట మీరు వారంలో గట్టెక్కుతారు. ఎందుకని అడగగలగడం పెద్దవయసులో చేరిన వారికి ఉన్న సొత్తు, దాన్ని వాడుకోండి. కానీ పాడేటప్పుడు పుస్తకం మూసేయండి. నోటుపుస్తకంలో చూపు పెట్టి పాడే అలవాటు పెద్దలకు త్వరగా పడుతుంది, వదిలించుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఎంతకాలం పడుతుందని మీరు అడగలేదు గానీ ఆ ప్రశ్న మనసులో ఉండే ఉంటుంది. రోజూ నలభై నిమిషాలు కూర్చునే పెద్దలకు అలంకారాలు ముగిసేసరికి ఏడాది నుంచి ఏడాదిన్నర, గీతాలూ స్వరజతులూ మరో ఆరేడు నెలలు, మూడో ఏట వర్ణం, ఇది నా దగ్గర నేర్చుకున్నవారిలో నేను చూసిన నడక. కచేరీ చేస్తారని నేను చెప్పను. పుష్య బహుళ పంచమి నాడు మీ ఊరి త్యాగరాజ ఆరాధనలో పదిమందితో కలిసి పంచరత్నాలు పాడగలరా అంటే, అయిదారేళ్లలో పాడగలరని ధైర్యంగా చెబుతాను. మనవడి సంగతి అంటారా, శ్రుతి తగ్గించి చూడండి, వాడు చెవుల మీది చేతులు వాడే తీస్తాడు.

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. వీణ నేర్చుకోవాలని ఉంది. యాభై దాటితే వేళ్లు వంగవని, మధుమేహం ఉన్న నాకు అసలే పనికిరాదని స్నేహితులు అంటున్నారు. శ్రీపాద పినాకపాణి గారు డాక్టరు ఉద్యోగం చేస్తూ సంగీతంలో మహావిద్వాంసులు కాలేదా అని నాకు నేను ధైర్యం చెప్పుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పినాకపాణి గారి (1913–2013) పేరు తలచుకోవడం మంచిదే గానీ, ఈ సందర్భానికి ఆ ఉదాహరణ నప్పదు. ఆయన వైద్య విద్యార్థులకు పాఠాలు చెబుతూనే నేదునూరి కృష్ణమూర్తి గారి వంటి శిష్యులను తీర్చిదిద్దిన మాట నిజం. కానీ సంగీతాన్ని ఆయన చిన్నతనంలోనే పట్టుకున్నారు. ఒక వృత్తిలో ఉంటూ మరొక విద్యను నిలుపుకోవడానికి ఆయన ఆదర్శం. ఆలస్యంగా మొదలుపెట్టిన వారి తంటాలు వేరే. అతకని ఉదాహరణతో తెచ్చుకున్న ధైర్యం మొదటి నెలలోనే జారిపోతుంది, అప్పుడు దోషం మీదేనని మీకు అనిపిస్తుంది.

వేళ్లు వంగవన్నది నిజం కాదు, నెమ్మదిగా వంగుతాయన్నది నిజం. వీణలో ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్లు మెట్ల మీద తీగను నొక్కుతాయి. కుడిచేతి అవే వేళ్లు మీటుతాయి, చిటికెన వేలు తాళపు తీగలను పలికిస్తుంది. ఈ మూడు పనులూ ఒకేసారి జరగాలంటే ఎవరికైనా కష్టమే. అందుచేత మొదటి నెల మెట్ల మీద చేయి వేయకుండా కేవలం మీటు సాధన చేయించమని అడగండి. మీటు నికరంగా, ఒకే బలంతో పడడం అలవాటయ్యాక ప్రధానమైన సారణి తీగ మీద సరళీ స్వరాలు మొదలుపెట్టవచ్చు. ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరాలను పలికించే గమకాలకు వేలి బలం ఎక్కువ కావాలి, వాటిని రెండో ఏటికి వదిలేయండి.

మధుమేహం విషయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మొదట్లో తీగ ఒరిపిడికి ఎడమచేతి వేళ్లు కోసుకుంటాయి, కాయ కాచేవరకు మంట ఉంటుంది. మామూలు వాళ్లకు ఇది రెండు మూడు వారాల ముచ్చట. మీకు పుండు మానడం ఆలస్యం కావచ్చు, వేళ్లలో స్పర్శ తగ్గి ఉంటే కోసుకున్నదే తెలియకపోవచ్చు. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి, వేళ్లకు కొద్దిగా కొబ్బరినూనె రాసుకుని, ప్రతిరోజూ వేలి కొసలు వెలుతురులో చూసుకోండి. ఉదయం లేచేసరికి వేలు మడతపడి పట్టేస్తుంటే ముందు వైద్యునికి చూపించి తరువాత వీణ దగ్గరికి వెళ్లండి. నేల మీద బాసింపట్టు వేసుకోలేని వారు వీణను తగిన ఎత్తున్న బల్ల మీద పెట్టుకుని వాయించడంలో అపచారమేమీ లేదు.

వెంటనే కొత్త వీణ కొనకండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మానును తొలిచి ఒకే చెక్కతో చేసే వీణ అందం ఎవరినైనా ఊరిస్తుంది. అది మీ మూడో ఏటికి మీరే మీకు ఇచ్చుకునే కానుకగా ఉంచండి. ఇప్పటికి అద్దెకో, వాడకం మానేసిన ఇంటినుంచో తెచ్చుకోండి. అయితే ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న వీణలో మెట్లను నిలిపే మైనం కరిగో, పగిలో మెట్లు కదిలి ఉంటాయి. 24 మెట్లనూ తెలిసిన పనివారితో తిరిగి కూర్పించకుండా సాధన మొదలుపెడితే, వీణ తప్పును మీ తప్పుగా ఏడాదిపాటు మోస్తారు.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా పన్నెండేళ్ల అమ్మాయి విజయవాడలోని గురువుగారి దగ్గర ఆన్‌లైన్‌లో గాత్రం నేర్చుకుంటోంది. పక్కన కూర్చుని వినీ వినీ 44 ఏళ్ల నేనూ చేరాను. గురువుగారితో కలిసి పాడబోతే తాళం ఎప్పుడూ వెనకబడుతోంది. నా తంబురా ఆయనకు వినిపించడమే లేదట. లోపం నాలో ఉందా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: తాళం విషయంలో మీలో లోపమేమీ లేదు. మీ గొంతు అంత దూరం వెళ్లి, ఆయన గొంతు తిరిగి వచ్చేలోపు కొంత వ్యవధి తప్పనిసరి కనుక ఇద్దరూ ఒకేసారి పాడడం ఆన్‌లైన్‌లో కుదరదు. ఆయన పాడి ఆపాలి, మీరు అందుకోవాలి. కలిసి పాడే అభ్యాసం కోసం పాఠాన్ని రికార్డు చేసి పంపమని అడిగి, దానితో పాటు తాళం వేస్తూ పాడండి. తంబురా వినిపించకపోవడానికి కారణం వేరు. ఏకధాటిగా సాగే శబ్దాన్ని ఫ్యాను మోతగా భావించి తొలగించే ఏర్పాటు ఆ యాప్‌లలో ఉంటుంది. సెట్టింగులలో అసలు శబ్దాన్ని యథాతథంగా పంపే వీలును ఎంచుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది.

అమ్మాయితో మీరు పోటీ పడకండి, ఎలాగూ ఓడిపోతారు. సంగతులు (ఒకే వరుసను మార్చి మార్చి పాడే తీర్లు) ఆమెకు ఒకసారి వింటే వస్తాయి, మీకు పదిసార్లు కావాలి. కానీ త్యాగరాజు పంచరత్నాలలో "దుడుకు గల నన్నే దొర కొడుకు బ్రోచురా" అన్నప్పుడు ఆ నిలదీత ఎవరిమీదిదో, ఆ పశ్చాత్తాపం ఎంతటిదో తెలుగు బడికి దూరంగా పెరిగిన పిల్లకు మీరే చెప్పగలరు. రాగం ఆమె మీకు దిద్దితే, మాట మీరు ఆమెకు దిద్దండి. ళకార, ణకారాల దగ్గర నిలిచి పలికించే మనిషి ఇంట్లో ఉండడం ఆ అమ్మాయి అదృష్టం.

ప్రశ్న: నా వయసు 70. వినికిడి యంత్రం పెట్టుకుంటాను. మాటలు బాగానే వినిపిస్తాయి గానీ తంబురా వేస్తే శబ్దం వణుకుతున్నట్టు ఉంటోంది. ఈ స్థితిలో సంగీతం నేర్చుకోవడం వృథా ప్రయాసేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వణుకు మీ చెవిది కాదు, తంబురాదీ కాదు. ఈ యంత్రాలను ప్రధానంగా మాట వినడానికి అమరుస్తారు. నిలకడగా సాగే స్వరాన్ని అవి ఒక్కోసారి తమలో పుట్టిన ఈలగా పొరబడి అణచబోతాయి, ఆ పెనుగులాటే మీకు వణుకులా వినిపిస్తుంది. యంత్రం అమర్చిన నిపుణుని దగ్గరికి తంబురా రికార్డింగు తీసుకువెళ్లి, సంగీతం కోసం వేరే అమరిక చేయమని అడగండి. చాలా యంత్రాలలో ఆ వీలు ఉంటుంది. పాఠం మాత్రం ఆన్‌లైన్‌లో కాకుండా గురువు ఎదుట కూర్చునే నేర్చుకోండి.

ప్రశ్న: నాకు 63. నాకు పాఠం చెప్పే అమ్మాయికి 29, నా చిన్న కూతురి ఈడు. ఏమని పిలవాలో, పాదాలకు నమస్కరించాలో వద్దో తెలియక ప్రతి పాఠం మొదట్లోనూ ఇబ్బంది పడుతున్నాను. ఆమె కూడా నా తప్పులు చెప్పడానికి జంకుతోంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పిలవడానికి "గురువుగారూ" అన్న మాట ఉండనే ఉంది, దానికి వయసు లేదు. ఆమె మిమ్మల్ని "అమ్మా" అనవచ్చు. నమస్కారం శ్రుతిపెట్టెకూ పుస్తకానికీ ఇద్దరూ కలిసి చేయండి, చిక్కు తీరిపోతుంది. ఆమె జంకును పోగొట్టవలసింది మాత్రం మీరే, ఎందుకంటే పెద్దావిడను దిద్దే చొరవ ఆమె తనంతట తాను తీసుకోలేదు. పాఠం మొదట్లోనే "ఈ రోజు నాలో మూడు తప్పులు పట్టండి" అని అడగండి. నా వయొలిన్ గురువుకు నేను చేరినప్పుడు 27 ఏళ్లు. మొదటి రెండు నెలలూ ఏం వాయించినా "బాగుందండీ" అనేవారు. ఒకరోజు నేను కావాలని అపశ్రుతి వాయించినప్పుడు కూడా బాగుందనడంతో ఇద్దరం నవ్వేశాం, ఆ తరువాత ఈ మూడు తప్పుల ఒప్పందం చేసుకున్నాం. ఇప్పుడు ఆయన ఏడో ఎనిమిదో చెబుతున్నారు, మూడు దగ్గర ఆగమంటే ఆగడం లేదు.